కదిలింది... పైకి!

విదేశీ చమురు మీద ఆధారపడటాన్ని 2022 నాటికి పది శాతం తగ్గిస్తామని ప్రధాని మోదీ 2015 మార్చిలో సెలవిచ్చారు. అప్పట్లో దిగుమతి వాటా 77 శాతం. 2022 వచ్చింది, వెళ్లింది. వాటా 85 దాటింది, 2024-25లో 88 దగ్గరికి చేరింది. పది కదిలిస్తామన్న మాట తప్పలేదు సుమండీ, కదిలింది పైకి!

ముందువారేం తక్కువ తినలేదు. 2017 కల్లా డీజిల్లో ఐదోవంతు జీవ ఇంధనమేనని 2009లో యూపీఏ విధానం రాసుకుంది. నమ్మి బయోడీజిల్ మొక్క జట్రోఫాను నాటిన రైతుకు మిగిలింది మేకైనా ముట్టని ఆకు.

మన కేజీ బేసిన్‌లో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ ఉందని 2005లో గుజరాత్ ముఖ్యమంత్రిగా ప్రకటించిందీ మోదీగారే. తవ్విన గుజరాత్ ప్రభుత్వ సంస్థ అప్పుల్లో మునిగి, 2017లో ఆ క్షేత్రంలోని తన 80 శాతం వాటాను ఓఎన్‌జీసీకి అంటగట్టి బయటపడింది.

పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలిపారు కదా అంటారా? కలిపారు. రోడ్డెక్కే బండ్లు పెరగడం ఆగిందా మరి?

ఇంధన స్వావలంబనకు కొత్త గడువు 2047. అప్పటికి ఈ హామీ ఇచ్చినవారెవరూ కుర్చీలో ఉండరు. అడగాల్సిందేదో ఇప్పుడే అడిగేయండి!