సోమలింగం బారసాల

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనం నవ్వుకుంటాం. అమెరికాలో డెమోక్రటిక్ పార్టీ పేరుతో ఆగలేదు. సోమలింగానికి ఉయ్యాల కట్టింది, బారసాల భోజనాలు పెట్టింది, పెద్దయ్యాక వాడు ఎవరికి ఓటేస్తాడో జాతకం కూడా రాయించింది.

ఆ జాతకం 2002లో అచ్చయింది. జాన్ జుడిస్, రూయ్ టెషేరా అనే ఇద్దరు పెద్దమనుషులు ‘ద ఎమర్జింగ్ డెమోక్రటిక్ మెజారిటీ’ అని పుస్తకం రాశారు. నల్లవాళ్లు, లాటినోలు, ఆసియావాళ్లు, చదువుకున్న ఆడవాళ్లు, నగరాల్లో ఉద్యోగాలు చేసేవాళ్లు పెరుగుతున్నారు కాబట్టి ముందున్నవి డెమోక్రాట్ల రోజులే అన్నారు. తెల్ల కార్మికుల ఓట్లు చేజారకుండా చూసుకోవాలని ఒక షరతు కూడా పెట్టారు పాపం. దాన్నెవరు చదువుతారు? జాతకంలో రాజయోగం దగ్గర గీత గీసుకుని, శాంతి చేయించమన్న పేజీ తిప్పేయడం మనకు మాత్రం అలవాటు లేదా?

2008లో ఒబామా గెలిచాడు. 2012లో మళ్లీ గెలిచాడు, లాటినోల్లో నూటికి 71 మంది ఆయనకే వేశారు. ఆ తర్వాత జనగణన శాఖ కూడా 2045 ప్రాంతానికి తెల్లవాళ్లు జనాభాలో సగానికి దిగువకు వస్తారని లెక్క కట్టింది. ఇంత సుఖమైన రాజకీయం ఇంకెక్కడా ఉండదు. హామీ అక్కర్లేదు, ఊరూరా తిరగక్కర్లేదు. గోడకు కేలండర్ ఉంటే చాలు.

ఈ నమ్మకం అంటువ్యాధిలా ఎదుటి పార్టీకీ పాకింది. రెండోసారి ఓడిన రిపబ్లికన్లు 2013 మార్చిలో తమకు తామే పోస్ట్‌మార్టం చేసుకుని, వంద పేజీల నివేదిక రాసుకున్నారు. వలస చట్టాల విషయంలో పట్టు సడలించాలి, లాటినోలను మంచి చేసుకోవాలి, లేకుంటే పార్టీ కుంచించుకుపోతుంది అన్నది దాని సారం. రెండేళ్లకు ట్రంప్ ఎస్కలేటర్ మీద దిగివచ్చి, మెక్సికో నుంచి వచ్చేవాళ్లు నేరగాళ్లు, అత్యాచారాలు చేసేవాళ్లు అన్నాడు. పోస్ట్‌మార్టం అయిన శవం లేచి కూర్చుంది. 2016లో గెలిచింది కూడా. విస్కాన్సిన్, మిషిగన్, పెన్సిల్వేనియా మూడింట్లో కలిపి 80 వేల లోపు ఓట్ల తేడా! తిప్పేసిన పేజీలో ఉన్నది ఈ రాష్ట్రాల తెల్ల కార్మికులే మరి.

సరే, అది ఆరిపోయే దీపం వెలుగులే అని డెమోక్రాట్లు సర్దిచెప్పుకున్నారు. అసలు దెబ్బ సోమలింగం చేతే తగిలింది.

టెక్సస్‌కు దక్షిణపు కొసన, రియో గ్రాండే ఒడ్డున స్టార్ కౌంటీ ఉంది. అక్కడ నూటికి 95 మందికి పైగా హిస్పానిక్‌లే, అంటే లాటినోలే. 2016లో హిల్లరీ క్లింటన్‌కు నూటికి 79 ఓట్లు పోశారు. 2020లో బైడెన్ ఐదు పాయింట్ల తేడాతో ఒడ్డున పడ్డాడు. 2024లో ట్రంప్ పదహారు పాయింట్ల తేడాతో గెలిచాడు. ఆ కౌంటీలో అధ్యక్ష పదవికి రిపబ్లికన్ నెగ్గడం 1892 తర్వాత మళ్లీ అప్పుడే. 1892 అంటే విజయనగరంలో ‘కన్యాశుల్కం’ తొలిసారి ఆడిన ఏడాది. గిరీశం వేదికెక్కిన నాటి నుంచి ఉన్న అనుబంధం ఎనిమిదేళ్లలో తెగిపోయింది.

ఎందుకు తెగిందో తెలుసుకోవడానికి పరిశోధన అక్కర్లేదు. గుడ్ల ధర, పెట్రోలు ధర, ఇంటద్దె. పైగా సరిహద్దు కాపలా దళంలో దాదాపు సగం మంది హిస్పానిక్‌లే. సరిహద్దు గురించి పార్టీ ప్రసంగాలు దంచుతుంటే, ఆ సరిహద్దు మీదే జీతం తీసుకునే ఇంట్లో ఏమనుకుంటారో ఎవరూ అడగలేదు. అడగకపోగా, ఆ పార్టీ వైపు పెద్దలు వాళ్లకు ‘లాటినెక్స్’ అని కొత్త పేరు పెట్టారు. 2020లో ప్యూ సంస్థ ప్రకటించిన సర్వేలో హిస్పానిక్‌లలో నూటికి ముగ్గురే ఆ పేరు వాడుతున్నామన్నారు. గుడ్డు ధర తగ్గించమంటే నామకరణం చేయడం! బారసాల సరదా ఇంకా తీరలేదన్నమాట.

లాటినోల్లో 2012 నాటి ఆ 71 కాస్తా 2024కి సగం దగ్గరికి జారింది. 2023లోనే జుడిస్, టెషేరాలు, డెమోక్రాట్లంతా ఎటు పోయారని అడుగుతూ ఇంకో పుస్తకం రాశారు. జాతకం రాసిన చేత్తోనే పిల్లాడు తప్పిపోయాడని ప్రకటన!

మన సంగతీ చూద్దాం. ఎగ్జిట్ పోల్ పట్టికలో ‘ఆసియన్’ అని ఒక గడి ఉంటుంది. చైనావాళ్లు, వియత్నాంవాళ్లు, గుజరాతీలు, మనం, అందరం అందులోనే సర్దుకోవాలి. ఒక్క తెలుగువాళ్లనే ఒక గొడుగు కిందకు తేవడం తానా, ఆటా, నాటా మూడింటివల్లా కాలేదు, ఆ గడివల్ల అవుతుందా? మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అరుణా మిల్లర్ హైదరాబాదు ఆడపడుచు, డెమోక్రాట్. రిపబ్లికన్ ఉపాధ్యక్షుడు వాన్స్ గోదావరి మూలాలున్న ఇంటికి అల్లుడు. ఏ పట్టికకు లొంగుతాం మనం?

ఇంత జరిగాక రిపబ్లికన్లకైనా బుద్ధి రావాలి కదా. 2025లో టెక్సస్‌లో ప్రతినిధుల సభ నియోజకవర్గాల సరిహద్దులు చెరిపి మళ్లీ గీశారు, ఇంకో అయిదు సీట్లు పిండుకోవడానికి. వాటిలో కొన్ని హిస్పానిక్‌లు ఎక్కువున్న చోట్లే. 2024లో మనకేశారుగా, ఇక ఎప్పటికీ మనవాళ్లే అన్న ధీమా. అదే ఏడాది నవంబరులో న్యూజెర్సీలో గవర్నర్ ఎన్నిక వచ్చింది. నూటికి 40 మందికి పైగా హిస్పానిక్‌లున్న పసాయిక్ కౌంటీ, ఏడాది కిందట ట్రంప్‌ను గెలిపించిన కౌంటీ, డెమోక్రాట్ మికీ షెరిల్‌కు భారీగా ఓట్లేసింది.

ఆ ఫలితం చూసి డెమోక్రాట్లు అటక మీది పాత ఉయ్యాల దించి దుమ్ము దులుపుతున్నారు. టెక్సస్‌లో రిపబ్లికన్లు కొత్తది ఇదివరకే కట్టేశారు.