కరెంటు మీద ఉచిత సలహాలు

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి డబ్బులు తగలేయకండి. టెస్టరు, కటింగ్ ప్లేయరు, కాస్త మొండిధైర్యం ఉంటే ఇంట్లో కరెంటు పనంతా మనమే చేసుకోవచ్చు.

ముందు ఫ్యూజు. మాటిమాటికీ పోతోందంటే తప్పంతా దానిదే. గీజరూ ఇస్త్రీపెట్టే ఒకే లైను మీద వేశామేమో, ఎక్కడో వైరు తొడుగు కరిగి తీగలు కలిశాయేమో అని బుర్ర పాడుచేసుకోకండి. పాత వైరు ముక్క తొక్క పళ్లతో లాగేసి, లోపలి రాగి పోగులు నాలుగు మెలేసి పింగాణీ ఫ్యూజులో బిగించండి. ఇక జన్మలో పోదు. గోడలో వైరు కాలుతుంది, బోర్డు నల్లబడుతుంది, ఫ్యూజు మాత్రం నిక్షేపంలా ఉంటుంది.

కొత్త ఇళ్లవాళ్లకు ఈ సుఖం లేదు. వాళ్లకు ఫ్యూజు బదులు ఎంసీబీ, దాని పక్కనే ఆర్‌సీసీబీ అని ఇంకో చాడీకోరు. వెళ్లిన కరెంటెంత, తిరిగొచ్చిందెంత అని లెక్క చూస్తూ, 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే చాలు, ఠక్కున పడిపోతుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు కూడా అంతకన్నా ఎక్కువే లాగుతుంది. ఆ కాస్త మన ఒంట్లోంచి నేలలోకి పోతే ఏం పోయింది, ప్రాణం తప్ప? దాన్ని తప్పించి వైర్లు నేరుగా కలిపేయండి. అప్పుడప్పుడూ నొక్కి చూడమని దానికో బటన్ కూడా పెట్టారు, పనిలేక.

మూడు పిన్నుల ప్లగ్గులో ఆ లావుపాటి ఎర్తు పిన్ను చూశారా? అన్నిటికన్నా ముందు తగలాలని, ఆఖరున వదలాలని పొడుగ్గా చేశారు. ఫ్రిజ్జు ఒంటికి కరెంటు పాకితే నేలకు పంపడం దాని ఉద్యోగం. బోర్డుకు రెండు కన్నాలే ఉంటే ఆ పిన్నును హ్యాక్సా బ్లేడుతో కోసేయండి. రెండు పిన్నులది సాకెట్లో దూరకపోతే పై కన్నంలో బాల్‌పెన్ను గుచ్చండి, కిందివి నోరు తెరుస్తాయి. అసలు ప్లగ్గే లేకపోతే వైర్లు దూర్చి అగ్గిపుల్లలతో బిగించండి. నిప్పు అంటుకుంటే అగ్గిపుల్లల కోసం వెతుక్కోనక్కర్లేదు. ఇంటి వెనక ఎర్త్ గుంత మీద సిమెంటు పోయించండి, ఎండాకాలం నీళ్లు పోసే బాధ తప్పుతుంది.

హీటరు రాడ్డు పెట్టిన బకెట్లో నీళ్లు కాగాయో లేదో స్విచ్ ఆపకుండానే వేలు పెట్టి చూడాలి. ఇనప కూలర్లో నీళ్లు పోసేటప్పుడూ అంతే, ఆపితే ఉక్కపోస్తుంది కదా.

దండేనికి ప్లాస్టిక్ తాడు నామోషీ. జీఐ తీగ తెచ్చి ఒక కొస కిటికీ ఊచకు, రెండో కొస సర్వీసు వైరు దిగే ఇనప పైపుకు కట్టండి. పైపును ఒరుసుకుని ఒరుసుకుని వైరు తొడుగు ఎప్పుడు పోయిందో తడి చీర ఆరేసే చేతికే మొదట తెలుస్తుంది. వానాకాలం పేపర్లలో ఈ వార్త చదువుతూనే ఉంటాం.

ఎవరినైనా కరెంటు పట్టుకుంటే మెయిన్ ఆపడం, ఎండుకర్రతో తోయడం లాంటి నిదానపు పనులు వద్దు. చేయి పట్టి లాగండి. వార్తలో ఒకరి బదులు ఇద్దరుంటారు.

వీటిలో ఒక్కటి మీ ఇంట్లో జరిగి ఉన్నా ఈ పూటే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. స్తంభం, సర్వీసు వైరు సంగతైతే 1912కు ఫోన్ చేయండి.