పీహెచ్‌డీ తర్వాత ఉలి

యూనివర్సిటీ ఉద్యోగం మానేసి శిల్పం నేర్చుకుంటున్నానంటే మా బంధువుల్లో సగంమంది నా మీద జాలిపడ్డారు. మిగతా సగం మా ఆవిడ మీద జాలిపడ్డారు. మా మేనమామ మాత్రం ముక్కుసూటిగా "ఏరా, వాళ్లే తీసేశారా?" అని అడిగాడు. చేరిన రోజునే 57,700 మూలవేతనం ఇచ్చే కొలువును ఎవడైనా తనంతట తాను వదులుకుంటాడంటే ఆయన నమ్మడు.

నా పీహెచ్‌డీ రామప్ప గుడి మదనికా శిల్పాల మీద. నల్లరాతిలో పలికిన ఆ సొగసు గురించి వందల పేజీలు రాశాను. ఉలి ఏ చేత్తో పట్టుకోవాలో మాత్రం అందులో లేదు. గైడూ అడగలేదు, పరీక్షకులూ అడగలేదు. 1213లో ఆ గుడి కట్టించింది రేచర్ల రుద్రుడు. జనం నోట నిలిచింది మాత్రం దాన్ని చెక్కిన శిల్పి పేరేనని ప్రతీతి. పెట్టుబడి పెట్టినవాణ్ణి పక్కనబెట్టి పనిచేసినవాడి పేరుతో పిలిచే భవనం మన విశ్వవిద్యాలయాల్లో ఒక్కటి చూపించండి, రాజీనామా వెనక్కి తీసుకుంటాను.

నంద్యాల జిల్లా ఆళ్లగడ్డలో చేరాను. పదో తరగతి తప్పిన మా గురువుగారు నన్ను "సార్" అంటూనే తిడతారు. "రాయికి మీ డిగ్రీ తెల్దు సార్, సుత్తి అంత బిగబట్టొద్దు!" ఆయన రాయిని ఎంచుకునే తీరు చూస్తే మన ఇంటర్వ్యూ బోర్డులు సిగ్గుపడాలి. సిఫారసు ఉత్తరం అడగరు. సుత్తితో తట్టి వింటారు. కంచులా ఖంగుమంటే మంచి రాయి, బొంగురుగా పలికితే లోపల పగులు. ఈ పరీక్ష మా డిపార్టుమెంటులో పెట్టి ఉంటే సగం గదులు ఖాళీ.

కొత్తవాడి చేతికి దేవుణ్ణి ఇవ్వరు, చదును చెయ్యమని బండ ఇస్తారు. ఉలి నిటారుగా పెడితే గుంట పడుతుంది, ఏటవాలుగా పెడితే పెచ్చు లేస్తుంది. మొన మొద్దుబారితే కొలిమిలో కాల్చి, సాగగొట్టి, నీళ్లలో ముంచాలి. పరిశోధనలో అయితే తేలనిచోట "మరింత అధ్యయనం అవసరం" అని రాసి జారుకోవచ్చు. ఇక్కడ బండ దాటి నంది దాకా వచ్చాను; దాని ముక్కు ఎగిరిపోయాక ఎంత పెద్ద ఫుట్‌నోటు రాసినా అతకదు.

యూజీసీ 2018 నిబంధనల్లో మా చరిత్రవాళ్లకు ఒక్కో పరిశోధనా పత్రానికి 10 పాయింట్లు. నా పత్రాలు చదివింది ఇద్దరే: నేనూ, ప్రూఫులు దిద్దినాయనా. నందికి పాయింట్లు రావు గానీ సమీక్షకులకు కొదవ లేదు. దారినపోయే ముసలమ్మ ఆగి, తేరిపార చూసి, "ఎడమ చెవి పెద్దదయింది నాయనా" అని చక్కా పోతుంది. కొలిస్తే ఆమె మాటే నిజం. పైగా ఫీజు లేదు.

కాబట్టి నంది కావలసినవాళ్లు నిస్సంకోచంగా రండి. సగం అడ్వాన్సు. పేరు ముందు డాక్టరని ఉంది కదా అని మోకాళ్ల నొప్పులు చెప్పుకోకండి. బేరమాడే ముందు రాయిని తట్టి చూసుకోండి. నన్ను మాత్రం తట్టొద్దు. యూనివర్సిటీలో చాలా ఏళ్లున్నవాణ్ణి, ఎలా పలుకుతానో నాకే తెలియదు.