641 దగ్గర తీర్చని అప్పు

429 కోట్ల 49 లక్షల 67 వేల 297. ముప్పై రెండు రెళ్లను గుణించి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య. ఇది ప్రధాన సంఖ్యేనని మా మేనల్లుడి ముందు ఢంకా బజాయించాను.

నా తర్కం వినండి. 2 కి 1, 2, 4, 8, 16 ఘాతాలు వేసి, ఒక్కోదానికి ఒకటి కలిపితే 3, 5, 17, 257, 65537 వస్తాయి. అయిదూ ప్రధాన సంఖ్యలే. తర్వాతి ఘాతం 32. అయిదుగురు అన్నదమ్ములూ బుద్ధిమంతులైతే ఆరోవాడు చెడతాడా అనుకున్నాను. పెళ్లి సంబంధమైతే ఆ ఆరోవాడి గురించి నలుగురినీ విచారించి ఉండేవాణ్ణి.

"భాగించి చూశావా మామయ్యా?" అన్నాడు వాడు.

పౌరుషం వచ్చింది. మా ఇంటి కాలిక్యులేటర్‌లో ఎనిమిది అంకెలే పడతాయి, ఇది పది అంకెలది. కాగితాలు ముందేసుకుని 3, 7, 11, 13 అంటూ మొదలుపెట్టాను. దీని వర్గమూలం 65,536 పైన రవ్వంత. అంతలోపు ప్రధాన సంఖ్యలు 6,542 ఉన్నాయి. అన్నిటితోనూ భాగిస్తే గానీ తేలదని తెలిసీ దిగాను. ఆరువందలు దాటాక 641 వచ్చింది. అక్కడొక తీసివేతలో పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకుని, దాన్ని తగ్గించడం మరిచాను. ఉద్యోగమంతా బ్యాంకు అప్పుల విభాగంలోనే వెలగబెట్టినవాణ్ణి! లేని శేషం మిగిలింది. 641 ని కొట్టేశాను, ఇంకాస్త దూరం పోయి విసిగి, "ప్రధాన సంఖ్యే" అని తీర్పిచ్చేశాను.

మర్నాడు వాడు చీటీ మీద రాసి తెచ్చాడు: 641 × 6700417. గుణించి చూసుకున్నాను. సరిగ్గా అదే.

ఫ్రాన్స్‌లో ఫెర్మా అంతటి గణితవేత్త ఇదే పొరబాటు పడ్డాడని తెలిసి కాసేపు మీసం దువ్వుకున్నాను. ఆ సంతోషమూ నిలవలేదు. ఈ వరుసలోవన్నీ ప్రధాన సంఖ్యలేనని తనకు దాదాపు నమ్మకమనీ, కచ్చితమైన నిరూపణ మాత్రం లేదనీ ఆయన 1640లోనే లేఖలో ఒప్పుకున్నాడు. నేను "దాదాపు" అన్న మాటే వాడలేదు.

641 ని పట్టుకున్నవాడు మరో గణితవేత్త ఆయిలర్, 1732లో. మన సంఖ్యను భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా 64 తో భాగిస్తే శేషం 1 రావాలని కూడా ఆయనే తర్వాత రుజువు చేశాడు. అసలు మంట ఇక్కడే. ఆ షరతుకు నిలిచే ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అంటే అయిదే అయిదు భాగహారాల పని! దానికి నేను 3 నుంచి మొదలుపెట్టి వందకు పైగా చేశాను, కావలసిన ఒక్కటీ తప్పు చేశాను.

ఫెర్మా వరుసలో 65537 తర్వాత మరో ప్రధాన సంఖ్య ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. ఇక లేదని రుజువు చేసినవాళ్లూ లేరు.