శ్రావణ శుక్రవారం దాకా దాచిన డీడీ

చెక్కు మీద నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. ఖాతాలో డబ్బు లేకపోతే చెక్కు తిరిగొస్తుంది, డీడీ అలా కాదు అని ఊళ్లో పదిమందికి బోధించినవాణ్ణి. చెప్పింది అబద్ధమేమీ కాదు. డీడీ తీసేవాడి దగ్గర బ్యాంకు ముందే సొమ్ము కట్టించుకుంటుంది. ఆ తర్వాత చెల్లించాల్సిన పూచీ బ్యాంకుదే. బ్యాంకర్స్ చెక్కు, పే ఆర్డరు కూడా ఆ బాపతే. ఇంతవరకూ నా తెలివికి వంక పెట్టలేరు.

2023 మేలో మా ఇంటిస్థలం అమ్మాను. కొన్న అబ్బాయి "చెక్కు రాసిస్తాను బాబాయిగారూ, కాదంటే నేరుగా మీ ఖాతాకే పంపేస్తాను" అన్నాడు. ససేమిరా అన్నాను. డీడీ తెచ్చాక, ఇచ్చిన బ్రాంచికి ఫోను చేసి అసలుదేనని తేల్చుకున్నాను. తీయించినవారి పేరు కూడా డీడీ మీద ఉండాలని 2018 సెప్టెంబరు 15 నుంచి నిబంధన. అదీ సరిచూశాను. నంబరు దస్తావేజులో ఎక్కించాకే సంతకం పెట్టాను. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు మెట్లు దిగుతుంటే నా అంత లౌక్యుడు జిల్లాలో లేడనిపించింది.

ఖాతాలో వేస్తే చేబదుళ్లవాళ్లు పసిగడతారని భయం. డీడీగా ఉంటే బ్యాంకు పూచీ ఉండనే ఉంది కదా! శ్రావణ శుక్రవారం ఫిక్స్‌డ్ డిపాజిట్ చేద్దామని దేవుడి గూట్లో పెట్టాను. జ్యేష్ఠం వెళ్లింది, ఆషాఢం వెళ్లింది. ఆ ఏడు శ్రావణాలు రెండొచ్చాయి. అధికమాసంలో మంచిపనేమిటని నిజ శ్రావణం దాకా ఆగాను. "ముందు బ్యాంకులో వేసి రారాదుటండీ" అని మా ఆవిడ పోరుతూనే ఉంది. "నీకేం తెలుసు, అది రొక్కంతో సమానం" అన్నాను.

నిజ శ్రావణంలో మొదటి శుక్రవారం కౌంటరులో అమ్మాయి తారీఖు చూసి "మూడు నెలలు దాటిపోయిందండీ, చెల్లదు" అంది. బ్యాంకు పూచీకి గడువేమిటని గొంతు పెంచాను. ఆవిడ ఓపికగానే చెప్పింది. ఒకప్పుడు ఆరు నెలలుండేది. చెక్కుల్నీ డీడీల్నీ కొందరు నోట్లలా బజారులో తిప్పుతున్నారని రిజర్వు బ్యాంకు 2012 ఏప్రిల్ 1 నుంచి మూడు నెలలకు కుదించిందట. నేను తిప్పనైనా లేదు, హారతిచ్చాను.

సొమ్ము ఎక్కడికీ పోలేదు. కానీ దాన్ని మళ్లీ చెల్లుబాటు చేయించాలంటే తీయించినవారే తమ బ్రాంచిలో అర్జీ పెట్టాలి. ఎవరి చెక్కును నమ్మనన్నానో ఆ అబ్బాయినే వెళ్లి బతిమాలుకున్నాను. పనులు మానుకుని వచ్చి, కిక్కురుమనకుండా సంతకం చేశాడు. నాలుగు మాటలు అనుంటే నాకు నయంగా ఉండేది.

ఇన్ని నెలలూ ఆ సొమ్ము బ్యాంకులోనే ఉంది. నాకు మాత్రం పైసా వడ్డీ రాలేదు. డీడీకి వడ్డీ ఉండదు మరి. మీరు డీడీయే అడగండి, వద్దనను. ఇచ్చిన బ్రాంచిలో అసలో నకలో కనుక్కుని, అందిన రోజే ఖాతాలో వేసేయండి. వర్జ్యం చూడకండి.