డ్రైవర్లు వెతుక్కున్న రోజులు

మారతహళ్ళి పీజీల్లో ఉంటూ సెలీనియంతో బ్రౌజర్‌ని నడిపించి వెబ్‌సైట్లు పరీక్షించే టెస్టింగ్ ఉద్యోగాలు చేసే మన పిల్లలకి ఈమధ్య కొత్త బాధ పట్టుకుంది. "అన్నా, సెలీనియం కొత్త వెర్షన్‌లో ఫైండ్ ఎలిమెంట్ బై ఐడీ తీసేశారన్నా!" తీసేస్తే తీసేశారు. 'బై.ఐడీ' అని మార్చుకో. ఎడిటర్‌లో ఒక్క రీప్లేస్‌తో తీరే పనికి ఇంత ఏడుపా?

మా రోజుల్లో సోమవారం పొద్దున సిల్క్ బోర్డు ట్రాఫిక్ ఈదుకుంటూ ఆఫీసుకొస్తే, రాత్రి నడిచిన టెస్టులన్నీ ఫెయిలై రిపోర్టు ఎర్రగా ఉండేది. క్రోమ్ తనంతట తాను అప్‌డేట్ అయిపోయేది, దాన్ని నడిపించే క్రోమ్‌డ్రైవర్ పాతదే ఉండిపోయేది. ఏ వెర్షన్‌కి ఏ డ్రైవరో చూసుకుని, దించుకుని, ఒక్కో మెషీన్‌లో పెట్టేసరికి మధ్యాహ్నం. ఇప్పుడా చాకిరీ సెలీనియం మేనేజరే చేసిపెడుతోంది. అదొకటి ఉందని కూడా వీళ్ళకి తెలీదు.

ఫైర్‌ఫాక్స్ కథ ఇంకా ఘోరం. దానికి డ్రైవరంటే సెలీనియం వాళ్ళు రాసిన ఒక యాడాన్, అంతే. 2016లో ఫైర్‌ఫాక్స్ 48 వచ్చి, సంతకం లేని యాడాన్లను లోపలికి రానివ్వనంది. డ్రైవర్ అక్కడికక్కడే చచ్చింది. దాని బదులు వచ్చిన గెకోడ్రైవర్‌కి అప్పటికి ఇంకా పాలపళ్ళే. ఏం చేస్తాం, పాత ఫైర్‌ఫాక్స్‌నే ఉంచుకుని, ఆటో అప్‌డేట్ ఆపేసి కూర్చున్నాం.

2018 జూన్ 5న, వెబ్‌కి ప్రమాణాలు పెట్టే డబ్ల్యూ3సీ, ఈ డ్రైవర్లతో మాట్లాడే భాష వెబ్‌డ్రైవర్‌ని స్టాండర్డ్ చేసింది. ఆ నెలలోనే సెలీనియం కాన్ఫరెన్సు కూడా మన బెంగళూరులోనే. చప్పట్లు వాళ్ళకి, చాకిరీ మాకు. స్టాండర్డ్ వచ్చినంత మాత్రాన పాత డ్రైవర్లన్నీ మర్నాటికి బుద్ధి తెచ్చుకోవుగా! అందుకని సెలీనియం లైబ్రరీ రెండు యాసలు మాట్లాడేది. సెషన్ తెరిచేటప్పుడు పాత పద్ధతి డిజైర్డ్ కేపబిలిటీస్, కొత్త పద్ధతి ఆల్వేస్‌మ్యాచ్, రెండూ కలిపి పంపేది. అవతలివాడు ఏ యాసలో పలికితే దాంట్లోకి దిగేది, పెళ్ళి సంబంధాలు కుదిర్చే పేరయ్యలాగ. 2019లో క్రోమ్‌డ్రైవర్ 75 కొత్త యాసనే డిఫాల్ట్ చేసింది. 'వెర్షన్' అంటే కుదరదు, 'బ్రౌజర్‌వెర్షన్' అనాలి. క్రోమ్ సొంత ఆప్షన్లకి ముందు 'గూగ్:' తగిలించాలి. 2021 అక్టోబరులో సెలీనియం 4 పాత యాసకి నీళ్ళొదిలేసింది. ఇప్పుడు బైడై అని, బ్రౌజరే కబుర్లు పంపే ఇంకో స్పెక్ తయారవుతోంది. రానీ, అదీ చూద్దాం.

నన్ను నిజంగా మండించేది క్లిక్కు. 2004లో షికాగోలో జేసన్ హగ్గిన్స్ మొదలుపెట్టిన తొలి సెలీనియం, పేజీలోకి జావాస్క్రిప్ట్ దూర్చి దాంతోనే క్లిక్కు కొట్టించేది. అది మనిషి నొక్కే నొక్కుడు కాదు. బటన్ కనబడకపోయినా, దానిమీద ఇంకేదో పరుచుకుని ఉన్నా టెస్టు పాసే. కస్టమర్ మాత్రం ఆ బటన్ నొక్కలేక ఫోన్లు చేసేవాడు. తర్వాత సైమన్ స్టీవార్ట్ వెబ్‌డ్రైవర్ తెచ్చింది ఈ రోగానికే. ఇప్పుడు స్టాండర్డ్ కచ్చితంగా చెప్తోంది: ఎలిమెంట్‌ని తెరమీదికి తీసుకురా, కనబడే భాగం నడిమధ్యన నొక్కు, అక్కడ ఇంకేదైనా అడ్డొస్తే 'ఎలిమెంట్ క్లిక్ ఇంటర్‌సెప్టెడ్' అని తిప్పికొట్టు. ఇన్నేళ్ళు ఇంతమంది కొట్టుకుని సాధించిన వాక్యం అది. క్రోమైతే అడ్డొచ్చిన డివ్ ఏదో కూడా చెప్తుంది.

మన కుర్రాళ్ళు ఆ ఎర్రర్ చూసి ఏం చేస్తారో తెలుసా? కోచింగ్ సెంటర్ నోట్స్‌లో రాసుకున్న జావాస్క్రిప్ట్ ఎగ్జిక్యూటర్ తీసి, దాంతో క్లిక్కు కొట్టిస్తారు. తిరిగి తిరిగి 2004కే!

"ఒరే అబ్బాయ్, ఆ బటన్ మీద కుకీల పెట్టె కప్పుకుని ఉందిరా, యూజర్ ఎట్లా నొక్కుతాడ్రా?" అనడిగా ఒకణ్ణి.

"రిపోర్టు పచ్చగానే ఉందిగా అన్నా" అన్నాడు.