న్యూట్రల్‌లో పడ్డ బుద్ధి

మన కర్నూలు జిల్లా పెద్దకడుబూరు దగ్గర ఒక మాయమిట్ట తేలిందంట. అక్కడ న్యూట్రల్ లో పెట్టిన బండి తనంతట తానే ఎగువకు పోతుందంట, ఆ వీడియో మీ ఫోనుకూ వచ్చే ఉంటుంది. మన రోడ్ల మీద ఎద్దుల బండి నుంచి ఎర్రబస్సు దాకా ఏదైనా లేస్తూ పడుతూనే పోతుంది. ఆదోనిలో ఎక్కి ఎమ్మిగనూరులో దిగేలోపు గుంతల లెక్కన ఒక కొండ ఎక్కి దిగినంత పని. కాబట్టి ఎక్కడో ఒకచోట కారు తనంతట తాను ఎగువకు పోయిందంటే నేను ఉలిక్కిపడలేదు. విసిగిపోయి ఎటో ఒకవైపు పోయి ఉంటుంది.

నాకు మండింది ఆ కబురులోని రెండో ముక్కకి. ఆ మిట్ట పక్కన రాళ్ల సందులో ఒక పెట్టె దాచి, అక్షాంశం ఇంత, రేఖాంశం ఇంత అని చాటి, దమ్ముంటే వెతుక్కోండి అంటారంట. దీన్ని జియోకాషింగ్ అంటారని బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా తమ్ముని కొడుకు ఉగ్గాని తింటూ నాకు బోధించాడు. "ప్రపంచమంతా ఆడుతోంది పెద్దనాయనా, మన ఊరు మ్యాపుకెక్కుతుంది" అన్నాడు. మన ఊరు మ్యాపులో ఎప్పట్నుంచో ఉందిరా, బడ్జెట్టులోనే లేదు అన్నాను. వానికి వినపడలేదు. చెవిలో ఏదో పెట్టుకున్నాడు.

ఆట పుట్టుక మాత్రం ముచ్చటగానే ఉంది. జీపీఎస్ సంకేతాల్లో అమెరికా సర్కారు కావాలని కలిపే తప్పును 2000 మే 2న తీసేసింది. మరుసటి రోజే ఆరెగన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన ఒక బకెట్టు దాచి, ఆ చోటు అంకెలు లోకానికి చెప్పాడు. అందులో పెట్టిన సామాన్లలో చిక్కుడుగింజల డబ్బా ఒకటి. ఆ డబ్బాకు ఇప్పటికీ భక్తులున్నారు. ఉపగ్రహాలు రాత్రికి రాత్రి నిజం చెప్పడం మొదలుపెడితే మనిషి చేసిన మొదటి పనుల్లో ఒకటి చిక్కుడుగింజలు దాచడం. పోనీ, వాళ్ల గింజలు, వాళ్ల అడవి.

మాయమిట్టలో అయస్కాంతం ఉందనే వాళ్ల సంగతి కూడా ఇక్కడే తేల్చేస్తాను. లేహ్ నుంచి కార్గిల్ దారిలో ముప్పై కిలోమీటర్లు పోతే ఇట్లాంటి రోడ్డే ఉంది, బోర్డు ఉంది, బండి నిలపడానికి తెల్లగీతల గడి ఉంది. హైదరాబాదు నుంచి బుల్లెట్లేసుకుని పోయిన మనవాళ్లు అక్కడ ఫొటో దిగకుండా రారు. కొండలో అయస్కాంతం ఉందని, దానికి జడిసి విమానాలు కూడా ఎత్తు పెంచుతాయని చెప్పుకుంటారు. అట్లాంటి చోట సీసాలో నీళ్లు పోసి చూడండి, నీళ్లూ "ఎగువకే" పారతాయి. నీళ్లను లాగే అయస్కాంతం ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెప్పండప్పా, మాకు వేరే పని ఉంది దాంతో.

స్కాట్లండులో ఇట్లాంటి రోడ్డుకు ఎలక్ట్రిక్ బ్రే అని పేరు. కరెంటంటేనే వింతగా ఉన్న రోజుల్లో అదంతా కరెంటు మహిమ అనుకున్నారు. నిజానికి అక్కడున్నది 86 అడుగులకు ఒక్క అడుగు వాలు. ఇటలీలో పావోలా బ్రెస్సాన్ అనే ఆవిడ, ఇంకో ఇద్దరు, బల్ల మీద చెక్కలతో చిన్న రోడ్లు కట్టి మనుషులకు చూపించి, 2003లో ఆ కథ ముగించారు. దిగంతం కనబడకుండా కొండలు అడ్డమొచ్చి, బాగా దిగే రోడ్డు మధ్యలో కొంచెమే దిగే ముక్క ఒకటి పడితే, ఆ ముక్క మన కంటికి ఎగువలా కనబడుతుంది. మోసపోయింది కన్ను. బండి ఎప్పుడూ దిగువకే పోతోంది. కెనడాలో మాంక్టన్ ఊరివాళ్లు ఈ మోసానికి బండికింత అని టికెట్టు పెట్టారు. ఈ ఒక్క వాక్యం మన పెద్దల కంట పడకూడదని నా ప్రార్థన.

మన మిట్టకు ఇటలీ దాకా పోనక్కరలేదు. మా వీధిలోని బేల్దారి మేస్త్రిని వెంటబెట్టుకుని పోయాను. గోడ కట్టేటప్పుడు మట్టం చూసే నీళ్ల ట్యూబు రోడ్డుకు ఆ కొస ఒకటి, ఈ కొస ఒకటి పట్టించాడు. నీటి మట్టం చూసి, "మాయ ఏం లేదప్పా, ఇది జానెడు దిగువ" అని బీడీ ముట్టించుకున్నాడు. మొత్తం పరిశోధనకు అయిన ఖర్చు రెండు టీలు.

ఇప్పుడు పెట్టె. నన్ను మూడు రాత్రులు నిద్రపోనివ్వనిది ఈ పెట్టే.

మా వానికి తెలియనిదేమంటే, మన దగ్గర రోడ్డు పక్కన దాచడం అనే పనే కుదరదు. నగరంలో నడిరోడ్డు మీద ఏనుగును కట్టేసినా ఎవరూ చూడరు. ఇక్కడ పగలంతా జీవాలు మేపే మనిషికి ప్రతి రాయి ముఖపరిచయం. నిన్న లేని రాయి ఇవాళ కనబడితే ఆయన ఆగుతాడు. రాయి ఎత్తుతాడు. డబ్బా తెరుస్తాడు. లోపల ఒక చిన్న పుస్తకం, ఒక పెన్సిలు, ఒక రబ్బరు బొమ్మ. వచ్చినవాడు పేరు రాసి, ఒకటి తీసుకుని ఇంకొకటి పెట్టి పోవాలని ఆట ధర్మం. ఆయన డబ్బా తీసుకుని, బీడీలు పెట్టి పోతే ఆ ధర్మం సగం నెరవేరినట్టే. పూర్తిగా నెరవేర్చేది పాతసామాన్ల సైకిలాయన.

పట్టణం నుంచి వెతకడానికొచ్చిన వాని సంగతి ఇంకా బాగుంటుంది. మునిమాపు వేళ, గుట్ట పక్కన, చేతిలో ఫోను లైటు, ఒక్కో రాయీ ఎత్తి కింద చూస్తున్నాడు, మధ్యమధ్యలో అంకెలు గొణుక్కుంటున్నాడు. ఇట్లాంటి మనిషిని కర్నూలు జిల్లాలో ఏమంటారో మా వానికి వాళ్ల కంపెనీ చెప్పి ఉండదు. గుప్తనిధులోడు అంటారు. పాడుబడ్డ గుళ్లలో నంది కడుపు చీల్చినవాళ్లు, వినాయకుని పొట్ట పగలగొట్టినవాళ్లు, అమావాస్య రాత్రి నిమ్మకాయలు కోసి గుంత తవ్వినవాళ్లు, మన పల్లెలు ఎంతమందిని చూశాయి! వాళ్ల దగ్గరా యంత్రాలుంటాయి, వాళ్లకూ ఎవరో ఒకాయన చోటు గురిగా చెప్పే పంపిస్తాడు. తేడా ఏమంటే వాళ్లకు స్వామి చెప్తాడు, వీళ్లకు ఉపగ్రహం చెప్తుంది. ఊరు ఆ తేడా అడగదు. ముందు చెట్టుకు కడుతుంది. స్టేషన్లో ఎస్సై ముందు చేతులు కట్టుకుని "సార్, మాది గుప్తనిధి కాదు, గుప్త టిఫిన్‌డబ్బా" అని చెప్పుకోవాలి.

టిఫిన్‌డబ్బా అన్న మాట ఇంకా ప్రమాదం. 2013 ఫిబ్రవరి 21 దిల్‌సుఖ్‌నగర్‌ బాంబు పేలుళ్లను ఎవరు మర్చిపోయారు? అక్కడ సైకిళ్ల మీద ఉన్నవి టిఫిన్‌డబ్బాలేనని అప్పట్లో చెప్పారు. మన సీమలోనైతే ముళ్లకంపలో దొరికిన గుండ్రటి వస్తువును బంతి అనుకుని తీసిన పిల్లల చేతుల కథలు వేరే చెప్పాలా? అక్కడెక్కడో ఇంగ్లండులో వెదర్‌బీ అనే ఊర్లో 2011లో ఈ ఆట డబ్బానే చూసి బాంబనుకుని, రోడ్డు మూసేసి, సైన్యాన్ని పిలిపించి పేల్చేశారు. ఇంగ్లండు జడుసుకున్న డబ్బాను తెచ్చి ఫ్యాక్షన్ పేరు మోసిన జిల్లాలో రోడ్డు పక్కన పెట్టి, పిల్లలూ వచ్చి తెరవండి అంటారా!

ఆ ఆటకూ నియమాలున్నాయి. తవ్వి పాతిపెట్టకూడదు, స్థలం యజమాని అనుమతి తీసుకోవాలి. తీసుకోండి. రోడ్డు ఆర్ అండ్ బీది, దాని పక్కది పోరంబోకు, దాని పక్కది ఇనాం, ఆ పక్కది కోర్టులో ఉంది. నలుగురి సంతకాలు తెచ్చేలోపు మా వానికి పెళ్లై పిల్లలు పుడతారు. పెట్టెలేని రకం కూడా ఒకటుందంట, 2004 నుంచి: చోటుకు పోయి, అక్కడి నేల గురించి అడిగిన ప్రశ్నకు జవాబు పంపితే చాలు. వాలు ఎంతో మీరే కొలవండి అంటే బాగుండేది. అది చెప్పాను. "అందులో థ్రిల్ లేదు పెద్దనాయనా" అన్నాడు.

థ్రిల్ కావాలంటే తొలకరికి జొన్నగిరి రారా. తుగ్గలి, మద్దికెర చేలల్లోకి రా. ఒక వాన పడగానే టిఫిను మూటలు కట్టుకుని జనం దిగుతారు, చెట్ల కింద పండుకుంటారు, తల వంచి సాలు వెంట సాలు నడుస్తారు, వజ్రం కోసం. వాళ్ల ఆటకు పేరు లేదు, పుస్తకంలో సంతకం లేదు. దొరికిన ఒక్కని ఫొటో పేపర్లో వస్తుంది, దొరకని వేలమంది బస్సు చార్జీలు ఎవరూ రాయరు. ఆ పక్కనే ఎర్రగుడిలో అశోకుడు రెండువేల ఏళ్లకు మునుపు బండ మీద మాట చెక్కించి పోయాడు. అందులో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి పోయి, మళ్లీ కుడి నుంచి ఎడమకు తిరిగొస్తాయి. కంటిని గందరగోళపెట్టే పని ఆయనా చేశాడు. కానీ దాచలేదు.

అసలు ఆ రోడ్డు మీద ఏం జరుగుతుందో ఎవరికైనా పట్టిందా? మాయ చూడ్డానికి వచ్చినవాడు నడిరోడ్డు మీద న్యూట్రల్‌లో పెట్టి, స్టీరింగు వదిలి, ఫోను పట్టుకుంటాడు. ఆ ముక్క ఎగువో దిగువో కన్ను సరిగ్గా చెప్పదు, అదే కదా దాని గొప్పతనం. అదే ముక్క పక్కన ఇంకొకడు గొంతుకూర్చుని డబ్బా కోసం రాళ్లు తడుముతుంటాడు. ఫోను చూపే చోటు నాలుగైదు మీటర్లు అటూఇటూ, అంటే సగం వెతుకులాట తారు మీదే. వెనక నుంచి ఆదోని మార్కెట్టుకు పత్తి నింపుకుని ట్రాక్టరు వస్తుంది. లైట్లుండవు. ఇందులో నవ్వడానికేమీ లేదు. ఇట్లాంటి చోట్లు ఈ ఆటకు పనికొస్తాయా అని అడిగితే నా జవాబు ఒక్కటే: పనికిరావు. చచ్చిపోతారు.

ఇంకా కోపం దేనికంటే, భూమ్యాకర్షణను ధిక్కరించే నేల కావాలని వీళ్లు ఎక్కడెక్కడో తిరుగుతున్నారు. మా నేల దాన్ని ఎప్పట్నుంచో ధిక్కరిస్తోంది. తుంగభద్ర దిగువ కాలువకు కాగితం మీద 24 టీఎంసీలు. పేరులోనే దిగువ ఉంది. నీళ్లకు తెలిసిన విద్య అదొక్కటే, దిగువకు పారడం. అయినా ఆయకట్టు చివరికి రావు. పైన మలుపుకొక మోటారు, తూముకొక పలుకుబడి. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మాత్రం నీళ్లకు దారి తెలిసింది, నదిలో పడి నేరుగా పోయాయి. మా చేను దగ్గరికొచ్చేసరికే వాటికి మాయమిట్ట అడ్డమొస్తుంది. ఇందాక అయస్కాంతం అడిగింది దీనికే.

ఆ మిట్ట మీదుగానే ఏటా సుగ్గికి పోయే టెంపోలు పోతాయి. గుంటూరు మిరప కోతలకు. పైన మూటలు, బోకులు, లోపల బడి మానిన పిల్లలు. ఇంటింటికీ తాళం. ఆ బండ్లు న్యూట్రల్‌లో పోవు, డీజిలు పోస్తేనే పోతాయి, ఆ డీజిలు ఖర్చు కూలీ అడ్వాన్సులోనే తెగుతుంది. ఆ వీడియో ఎవరూ తీయలేదు. ఊర్లో పెద్దవాళ్లు, మేకలు మిగిలిన కాలంలో మా వాడు పెట్టె దాచి, ఎవరు వెతుకుతారో అని చూస్తాడంట.

తిరిగి బెంగళూరు పోయే ముందు రోజు మా వాడు మొహం ముడుచుకుని, "సరే పెద్దనాయనా, మిట్ట దగ్గర వద్దు, ఎవరూ తొక్కని చోటు నువ్వే చూపించు" అన్నాడు. బండి మీద ఎక్కించుకుని పోయి కాలువ చివరి తూము చూపించాను. డబ్బా కొత్తది, వాన నీళ్లకు, వరద నీళ్లకు తడవని రకం, ఖరీదైనది తెచ్చుకున్నాడు. దాన్ని నువ్వే ఉంచుకో, ఇక్కడికి అట్టపెట్టె చాలు అన్నాను.